నలుగురు మోస్తేనే మంచం కదులుతుంది
(రేడియో ప్రసంగ పాఠము)

పొలం పని ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్నవారికి, మంచం మీద పడుకొని వింటున్నవారికి శుభములు. ఆ మంచం పక్కనే పొయ్యి ముట్టించుకుంటూ ఒక చెవితో వింటున్న తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా శుభములు. ఈ దినము నా మాటలు ముఖ్యంగా మంచం పక్కన ఉన్న మీ కోసమే.

ఈ దినము ఒక సినిమాను గురించి మాట్లాడబోతున్నాను. అయ్యగారు ప్రసంగంలో సినిమా మాట ఎత్తారేమిటి అని కొందరికి ఆశ్చర్యము కలగవచ్చు. మన ప్రభువు విత్తనాలు చల్లే రైతును చూపించి మాట్లాడాడు, వల వేసే జాలరిని చూపించి మాట్లాడాడు. మన ఊళ్ళలో పిల్లలు, పెద్దలు చూసి నవ్వుకున్న ఒక కథలో నుండి మనము నేర్చుకోదగినది ఉంటే, దానిని ఎందుకు విడిచిపెట్టాలి?

ఆ సినిమా పేరు ‘ఊపిరి’. 2016 మార్చి నెలలో విడుదలైంది. వంశీ పైడిపల్లి గారు తీశారు. నాగార్జున గారు, కార్తి గారు నటించారు. మన ఖమ్మం, భద్రాచలం ప్రాంతము వారికి నాగార్జున గారు 2006లో వచ్చిన ‘శ్రీ రామదాసు’లో నేలకొండపల్లి గోపన్నగా బాగా గుర్తు. ఈ ‘ఊపిరి’లో అయితే ఆయన చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి. కోట్ల ఆస్తి ఉంది గాని మెడ కింద ఏ అవయవమూ కదలదు. ఆయనను చూసుకోవడానికి శీను అనే యువకుడు వస్తాడు. వాడు జైలు నుండి పెరోల్ మీద బయటికి వచ్చినవాడు. సేవ చేసినట్లు కనిపిస్తే శిక్ష తగ్గుతుందేమోనని వచ్చాడు గాని, సేవ చేయాలని రాలేదు. వారిద్దరూ ఎలా స్నేహితులయ్యారో చూపించి మనలను నవ్విస్తుంది ఆ సినిమా.

ఈ కథ ఫ్రెంచి భాషలో 2011లో వచ్చిన సినిమా నుండి తీసుకున్నది. ఆ సినిమా పేరుకు ‘ముట్టరానివారు’ అనే అర్థము ఉంది. ఫ్రాన్సు దేశంలోనే దాదాపు 1 కోటి 90 లక్షల టికెట్లు అమ్ముడుపోయాయి. దాని వెనుక ఉన్నది నిజంగా జరిగిన కథ. ఫిలిప్ పోజో ది బోర్గో అనే ధనవంతుడు 1993 జూన్ నెలలో, పెద్ద రెక్క కట్టుకొని కొండ మీద నుండి గాలిలో తేలే ఆట ఆడుతూ కింద పడిపోయాడు. అప్పుడు ఆయనకు 42 ఏండ్లు. మెడ కింద శరీరమంతా చచ్చుబడింది. మూడేండ్లకు, 1996లో, కేన్సరుతో ఆయన భార్య కూడా చనిపోయింది. అట్టి చీకటిలో ఆయన పక్కన నిలబడినవాడు అబ్దెల్ సెలూ. అల్జీరియాలో పుట్టి పారిస్‌లో పెరిగిన యువకుడు. దొంగతనాలు చేసి జైలుకు వెళ్ళి వచ్చినవాడు. పెద్ద చదువులు, మంచి సర్టిఫికెట్లు ఉన్నవారిని కాదని ఇతనిని ఎందుకు పెట్టుకున్నాడో తెలుసా? ఇతనికి ఆయన మీద జాలి లేదు!

ప్రియులారా, ఇక్కడ మనము కొంచెం ఆగుదాము. జాలి లేకపోవడం మంచి గుణమా? ఆ ఫ్రెంచి సినిమాలో ఒక చిన్న సంగతి ఉంది. ఫోను మోగుతుంది. చూసుకునే కుర్రవాడు ఆ ఫోను తీసి యజమాని చేతికి ఇవ్వబోతాడు. ఆయన చేతులు కదలవని వాడికి గుర్తే లేదు. చూసేవారు నవ్వుతారు. అయితే ఆ యజమానికి అదే నచ్చింది. అందరూ ముందు కుర్చీని చూస్తున్నారు, తరువాతే మనిషిని చూస్తున్నారు. వీడు మాత్రము మనిషినే చూసి కుర్చీని మరచిపోయాడు.

దీనిని నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. సిగ్గు విడిచి మీతో చెబుతున్నాను. దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున, మా సంఘానికి చెందిన ఒక పల్లె ఉంది. అక్కడ ఒక సహోదరుడు కల్లుగీత పని చేసేవాడు. ఒక దినము మోకు తెగి తాటిచెట్టు మీద నుండి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము కింద చచ్చుబడింది. ప్రార్థన చేయడానికి నేను వారింటికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడి ఆయన భార్యను అడిగాను: “ఏమ్మా, అన్నం తింటున్నాడా? నిద్ర పడుతుందా? మనసు ఎట్లా ఉంది?” ఆమె ఏమీ మాట్లాడలేదు. మంచం మీద నుండి జవాబు వచ్చింది. “అయ్యగారూ, నడుమే ఇరిగింది. నోరు ఇరగలే. నన్నే అడగరాదా?”

సహోదరులారా, ఆ మాటతో ఆయనే ముందు నవ్వాడు, తరువాత ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను గాని లోపల చాలా సిగ్గుపడ్డాను. ఎదురుగా మనిషి ఉండగా, లేనట్టు మాట్లాడాను. జాలి ఎక్కువై మనిషిని కనబడకుండా చేశాను.

వికలాంగులను చూసి నవ్వడం మన సినిమాలకు కొత్త కాదు. నత్తివాడు వస్తే నవ్వు, చెవిటివాడు వస్తే నవ్వు, కుంటివాడు పడితే నవ్వు. 2024 జూలై నెలలో మన దేశపు సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా విషయమై తీర్పు ఇస్తూ రెండు రకాల హాస్యాన్ని వేరుచేసి చూపించింది. ఒకటి వైకల్యాన్ని మనకు అర్థమయ్యేటట్లు చేసే హాస్యము, రెండవది వైకల్యము గలవారిని చిన్నబుచ్చే హాస్యము. మా సహోదరుడు తన నోటితో వేసిన హాస్యము మొదటి రకము. నాకు బుద్ధి వచ్చింది గదా! ఆ ఫ్రెంచి కథను సినిమాగా తీస్తామని అడిగినప్పుడు, నవ్వించేటట్లు తీయండని కోరినవాడు కూడా చక్రాల కుర్చీలో ఉన్న ఫిలిప్ గారే.

అయితే నవ్వులో కూడా జాగ్రత్త కావాలి. అదే సినిమాలో ఆ కుర్రవాడు నిజంగా స్పర్శ లేదా అని చూడటానికి యజమాని కాలి మీద వేడి టీ పోస్తాడు. ఆయనకు తెలియదు. థియేటరులో నవ్వుతారు. మన ఇండ్లలో అది నవ్వే సంగతి కాదు. స్పర్శ లేని కాలికి కుంపటి సెగ తగిలినా, వేడినీళ్ళు పడినా తెలియదు. చర్మం కాలి పుండు పడేదాకా ఎవరూ చూడరు. ఒకే వైపు పడుకుని ఉంటే పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడతాయి. అందుకే డాక్టర్లు రెండు గంటలకు ఒకసారి పక్క మార్చమంటారు. దినమునకు పన్నెండు సార్లు. ఆ పన్నెండు సార్లలో నాలుగైదు సార్లు అర్ధరాత్రిలో వస్తాయి. దీనిని మనసులో ఉంచుకోండి. మరల ఈ సంగతికి వస్తాను.

ఇప్పుడు రెండవ సంగతి. ఈ కథలో మోసేవాడు ఇష్టపడి రాలేదు. శీను శిక్ష తగ్గించుకోవడానికి వచ్చాడు. ఫ్రెంచి సినిమాలోని కుర్రవాడు ప్రభుత్వమిచ్చే భత్యం కోసం ఒక కాగితం మీద సంతకము పెట్టించుకుపోదామని వచ్చాడు. పరిశుద్ధ గ్రంథములో కూడా అట్టివాడు ఒకడున్నాడు. కురేనీయుడైన సీమోను. అతడు పల్లె నుండి వస్తున్నాడు, తన దారిన తాను పోతున్నాడు. సైనికులు పట్టుకొని బలవంతంగా సిలువను అతని భుజం మీద పెట్టారు. అయినప్పటికీ రెండు వేల సంవత్సరముల తరువాత కూడా అతని పేరు మనకు తెలుసు.

ఫ్రాన్సులో ఆ సీమోను పేరు పెట్టుకున్న ఒక సంస్థ ఉంది. వైకల్యము గలవారు, ఆరోగ్యముగా ఉన్నవారు ఒకే ఇంటిలో కలసి బ్రతికే గృహాలను అది నడుపుతుంది. సినిమా లాభములో 5 శాతము ఆ సంస్థకే ఇవ్వాలని ఫిలిప్ గారు కోరారు. ప్రమాదము జరిగిన తరువాత దాదాపు 30 ఏండ్లు బ్రతికి, 2023 జూన్ నెలలో, 72వ ఏట ఆయన కన్నుమూశారు. అబ్దెల్ ఆయన దగ్గర దాదాపు పదేండ్లు ఉన్నాడు. తరువాత పెండ్లి చేసుకొని, పిల్లలను కని, స్వంత వ్యాపారము పెట్టుకున్నాడు. ఆయన వలన తన జీవితము మారిందని పుస్తకము వ్రాసుకున్నాడు. మోసినవాడు కూడా మోయబడ్డాడు. ఇష్టము లేకుండా భారము ఎత్తుకున్నవారలారా, మా అత్తగారికి నేనే చేయాలా అని లోలోపల సణుగుకుంటున్నవారలారా, మీరు సిగ్గుపడవద్దు. ప్రారంభము అట్లాగే ఉంటుంది. సణుగుతూ ఎత్తిన భారము కూడా భారమే. దేవుడు దానిని లెక్కలో వేస్తాడు.

ఇక మూడవ సంగతి. ఇదే నేను ముఖ్యముగా చెప్పదలచినది.

మా సంఘ యౌవనస్థుడు ఒకడు ఆ సహోదరునికి తన ఫోనులో ‘ఊపిరి’ సినిమా చూపించాడు. నేను మరల వెళ్ళినప్పుడు, ఈసారి ఆయననే అడిగాను, సినిమా ఎట్లా ఉంది అని. “మస్తు నవ్వుకున్న అయ్యగారూ,” అన్నాడు. కొంచెం ఆగి మరల అన్నాడు. “గాని ఆయనకు బంగళా ఉంది, కారుంది, మనిషిని పెట్టుకునే పైసలున్నయి. నాకు ఎవరున్నరు? నా పెండ్లామే నాకు శీను. దానికి జీతం లేదు, సెలవు లేదు.”

నేను ఆమె వైపు చూశాను. మూడేండ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను. ఆమెను నేను ఏమి అడిగాను? ఆయన సంగతే అడిగాను. ఆ దినము మొదటిసారి ఆమె సంగతి ఆమెనే అడిగాను. అప్పుడు చెప్పింది. మూడు క్రిస్మస్ ఆరాధనలకు రాలేదట. సొంత చెల్లెలి పెండ్లికి పోలేదట. ఎండాకాలములో ఊరంతా తునికాకు కోయడానికి అడవికి పోతే, నాలుగు రూపాయలు వస్తాయని తెలిసి కూడా గడప దాటలేదట. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి గదా! “నిద్రంటే మంచిగ పోయి ఎన్నేండ్లయిందో యాదికి లేదు అయ్యగారూ,” అని ఆమె నవ్వుతూనే అంది. ఆ నవ్వు నన్ను ఏడిపించింది. మూడేండ్లుగా మా సంఘము ప్రతి ఆదివారము ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసింది. ఒక్క ఆదివారమైనా ఆమె పేరు చెప్పలేదు.

ప్రియ శ్రోతలారా, మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువు గల ఒక మనుష్యుని కథ మీకందరికీ తెలిసినదే. కపెర్నహూములో ప్రభువున్న ఇంటికి అతనిని మంచముతో మోసుకొని వచ్చారు. జనము క్రిక్కిరిసి ఉన్నందున లోపలికి పోలేకపోయారు. ఇంటి కప్పు విప్పి, మంచమును కిందికి దించారు. ఈ కథ మన ఏజెన్సీ వారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. దారి లేని కోయగూడెముల నుండి జబ్బుపడినవారిని, నొప్పులు పడుతున్న తల్లులను డోలీ కట్టి, వాగులు దాటి రోడ్డు దాకా మోసుకొని రావడం మనము కండ్లారా చూసినవారమే. భుజము మారుస్తూ, ఒకరు అలసిపోతే ఒకరు అందుకుంటూ మోస్తారు. ఒక్కడే మోసిన డోలీని ఎవరైనా చూశారా?

ఆ సువార్తలో మోసినవారి లెక్క వ్రాసి ఉంది. నలుగురు. మంచమునకు నాలుగు కోళ్ళు, మోయుటకు నలుగురు మనుష్యులు. వారి పేర్లు లేవు, ఊరు లేదు, లెక్క మాత్రము ఉంది. ఇంకొక సంగతి గమనించండి. పడుకున్నవాని నమ్మకమును గూర్చి అక్కడ విడిగా ఏమీ చెప్పలేదు. ప్రభువు చూసినది ఆ వచ్చినవారి నమ్మకమును. మనము ఏమి చేస్తున్నాము? నాలుగు కోళ్ళ మంచమును ఒక్క స్త్రీ నెత్తిన పెట్టి, నువ్వు చాలా ఓర్పుగల దానవమ్మా, నీకు పరలోకములో బహుమానముంది అని పొగిడి ఇంటికి వస్తున్నాము. ఆమెకు పొగడ్త అక్కరలేదు. మిగిలిన మూడు కోళ్ళ దగ్గర ముగ్గురు మనుష్యులు కావాలి.

మేము ఏమి చేశామో చెబుతాను. గొప్ప కోసము కాదు, మీరు కూడా చేయవచ్చునని చెబుతున్నాను. ఆ ఆదివారమే ఆరాధన అయిన తరువాత సంఘములో అడిగాను. నలుగురు లేచారు. ఇద్దరు యౌవనస్థులు, ఒక రిటైరైన టీచరు గారు, ఆ వీధిలోనే ఉన్న ఒక పెద్దాయన. వారములో ఒక్కొక్కరికి ఒక పూట. పక్క మార్చడం, వీపు చూడటం, మూత్రపు గొట్టము మడతపడకుండా చూడటం ముందుగా ఆమె దగ్గరే నేర్చుకున్నారు. అంతా సవ్యముగా జరిగిందని చెప్పను. ఒక యౌవనస్థుడు నెల దాటకుండానే మానివేశాడు. నాకు చేతకాదు అన్నాడు, వాడిని నేను తిట్టలేదు. వాని స్థానములో ఇంకొకరు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆయన నడవలేదు, ఇప్పటికీ నడవడు. అయితే ఆ సంవత్సరము క్రిస్మస్ ఆరాధనకు ఆమె వచ్చింది. వెనుక వరుసలో కూర్చొని, ప్రసంగము మధ్యలోనే నిద్రపోయింది. నా ప్రసంగములో ఎవరైనా నిద్రపోతే నాకు కోపము వస్తుంది. ఆ దినము మాత్రము నేనే గొంతు తగ్గించి మాట్లాడాను.

ముగించే ముందు, ఉపయోగపడే కొన్ని మాటలు. తాటిచెట్టు మీద నుండి గాని, ఇప్పచెట్టు మీద నుండి గాని ఎవరైనా పడితే, కాళ్ళు చేతులు పట్టి లేపి కూర్చోబెట్టవద్దు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపడంలోనే నరము తెగవచ్చు. మెడ, నడుము వంగకుండా, ఒకరు తల కదలకుండా పట్టుకోగా, ముగ్గురు నలుగురు కలసి ఒక్కసారే ఎత్తి చెక్క మీద గాని, తలుపు మీద గాని పడుకోబెట్టండి. బట్టతో కట్టిన డోలీలో వేస్తే నడుము వంగిపోతుంది. వెంటనే 108కి ఫోను చేయండి. మోయడానికి ఇక్కడ కూడా నలుగురు కావాలని గమనించారా!

రెండవది, వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. ఎక్కువ సహాయము అవసరమైనవారు ఆ సహాయము కోసము ప్రభుత్వమునకు దరఖాస్తు చేసుకోవచ్చునని ఆ చట్టములో ఉంది. వైకల్య ధ్రువపత్రము తీయించుకోండి, పింఛను అడగండి. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వైపు ఉన్నవారికి లెక్క వేరు. అక్కడ 2024 జూలై నుండి వికలాంగులకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. ఒకే అడవి, ఒకే గోదావరి, ఒకే కష్టము గాని గట్టుకు ఇటొకటి, అటొకటి. చదువుకున్న యౌవనస్థులారా, మీ పల్లెలో అట్టివారు ఉంటే ఆ కాగితాలు పట్టుకొని ఆఫీసుకు తిరగడం కూడా మంచము మోయడమే.

కాబట్టి ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారము మీకొక పని అప్పగిస్తున్నాను. మీ వీధిలో మంచము పట్టినవారు ఉన్న ఇల్లు మీకు తెలుసు. అక్కడికి వెళ్ళండి. ముందు మంచము మీద ఉన్నవారిని పేరు పెట్టి పలుకరించండి. జాలి మాటలు వద్దు, మీ ఊరి సంగతులు చెప్పండి, ఒక నవ్వు నవ్వించండి, ఆయన వేసే హాస్యానికి నవ్వండి. తరువాత పక్కన ఉన్న ఆమెతో చెప్పండి: “అక్కా, రెండు గంటలు నేను కూర్చుంటాను. నువ్వు పోయి పడుకో.” ఆమె వద్దంటుంది. మొహమాటపడుతుంది. మీరు మాత్రము కదలకండి. పక్క ఎట్లా మార్చాలో ఆమెనే అడిగి నేర్చుకోండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మంచము మీద ఉన్నవారిని, మంచము పక్కన మేలుకొని ఉన్నవారిని ఈ రాత్రి నీవు జ్ఞాపకము చేసుకొనుము. మేము చూడకుండా దాటిపోయిన ఇండ్లను మాకు చూపించుము. భుజము మార్చుకొనుటకు మాకు మనస్సును, బలమును దయచేయుము. ఆమెన్.

ప్రియ శ్రోతలారా, మరల వచ్చే వారము ఇదే సమయమునకు కలుసుకుందాము. అంతవరకు సెలవు. దేవుడు మిమ్మును, మీ ఇంటిలో మోసేవారిని, మోయబడేవారిని దీవించును గాక.